గోల్ఫ్ సీజన్: పట్టికని కింది నుంచి చదవాలి

బెంగుళూరు దొమ్లూరు దగ్గర ఎంబసీ గోల్ఫ్‌లింక్స్ ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళకి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ (కేజీఏ) కోర్సు రోజూ కళ్ళ ముందే ఉంటుంది. అద్దానికి అవతల పచ్చిక, ఇవతల స్ప్రింట్ మీటింగు. అప్పుడప్పుడూ ఒక వారం అక్కడ స్పాన్సర్ల బోర్డులు లేస్తాయి, తాళ్ళు కడతారు, భుజాన బ్యాగు మోసే క్యాడీ వెంట రాగా ఆటగాళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా నడిచిపోతుంటారు. క్రికెట్ చూసి పెరిగిన మనకి వెంటనే వచ్చే సందేహాలు మూడు. ఇది ఏ కప్పు? ఫైనల్ ఎప్పుడు? ఎవరు గెలిస్తే చాంపియన్? మూడింటికీ సూటి జవాబు లేదు. స్పోర్ట్స్ పేజీ అడుగున వచ్చే రెండంగుళాల గోల్ఫ్ వార్తని ఎవరూ చదవకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

మన దేశవాళీ పురుషుల ప్రొఫెషనల్ గోల్ఫ్ సీజన్‌ని కప్పు కోసం జరిగే పోటీ అనుకుంటే ఏమీ అర్థం కాదు. వచ్చే ఏడాది ఎవరు ఎక్కడ ఆడొచ్చో, ఎవరు ఆడకూడదో తేల్చే వడపోత అది. మధ్యలో ఇచ్చే ట్రోఫీలు ఫొటోలకి పనికొస్తాయి. ఆటగాళ్ళ నిద్ర చెడగొట్టేది మాత్రం ఆ వడపోతే.

ముందు దీన్ని ఎవరు నడుపుతారో చూద్దాం. ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా, పొట్టిగా పీజీటీఐ, 2006లో మొదలైంది. టూర్ అంటే ఊరూరా వరసగా జరిగే టోర్నీల సీజన్. పీజీటీఐ ఆటగాళ్ళ సొంత సంస్థ. 2024 నుంచి దీని అధ్యక్షుడు కపిల్ దేవ్. అవును, ఆ కపిల్ దేవే. బంతి మారింది, బాదడం మానలేదు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వేరు. అది దేశంలో గోల్ఫ్‌కి జాతీయ సమాఖ్య. అమెచ్యూర్ ఆట, జాతీయ జట్లు దాని పరిధిలోవి. క్రికెట్‌లో బీసీసీఐ ఒక్కటే అన్నీ చూసుకుంటుంది కాబట్టి ఈ విభజన మనకి వింతగా ఉంటుంది. కానీ వ్యాసం చివర్లో వచ్చే తగాదా అర్థం కావాలంటే దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో పెద్ద తేడా ఉంది. రంజీ ఆటగాడికి రాష్ట్ర సంఘం టికెట్టు తీస్తుంది, గది ఇస్తుంది, డకౌట్ అయినా మ్యాచ్ ఫీజు ఇస్తుంది. టూర్ గోల్ఫర్‌కి అవేమీ లేవు. ఎంట్రీ ఫీజు తనే కట్టాలి, ప్రయాణం, బస, క్యాడీ కూలీ తనే పెట్టుకోవాలి. వ్యక్తిగత స్పాన్సర్ దొరికితే అదృష్టం. లేకపోతే నాన్న పీఎఫ్ డబ్బో, క్లబ్బులో పెద్దమనుషుల దయో. ఆడిన వారం బాగా ఆడితేనే సంపాదన, లేకపోతే ఆ వారం చేతి చమురు వదిలినట్టే.

ఇప్పుడు ఒక వారం ఎలా నడుస్తుందో చూద్దాం. టోర్నమెంటుకి నూట ఇరవై మందికి అటూఇటూగా దిగుతారు. రోజుకి 18 హోల్స్ చొప్పున నాలుగు రోజులు, మొత్తం 72. లీడర్‌బోర్డు మీద మైనస్ 10 అని ఉంటే పార్ కంటే, అంటే ఆ కోర్సుకి ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్క కంటే, పది దెబ్బలు తక్కువలో ముగించాడని అర్థం. మైనస్ ఎంత పెద్దదైతే అంత మంచిది. పీజీటీఐ టోర్నీలు చాలావరకు మంగళవారం మొదలై శుక్రవారం ముగుస్తాయి. లోకమంతా ఆదివారం ఫైనల్ పెట్టుకుంటే వీళ్ళేంటి శుక్రవారం అని మొదట్లో నాకూ విడ్డూరంగా ఉండేది. ఆలోచిస్తే సబబే. మన కోర్సులు దాదాపు అన్నీ సభ్యుల క్లబ్బులవి, లేదా మిలిటరీ, కంపెనీలవి. లక్షలు పోసి సభ్యత్వం కొన్నవాళ్ళు శని, ఆదివారాలు వదులుకోమంటే వదులుకుంటారా? ఫలితంగా ఉద్యోగస్తులు చివరి రౌండు చూడాలంటే సెలవు పెట్టాల్సిందే.

రెండు రోజులయ్యాక కట్ పడుతుంది. మొదటి 50 స్థానాల వాళ్ళు, ఆ యాభయ్యో స్థానంలో సమానంగా ఉన్నవాళ్ళు మిగిలిన రెండు రోజులు ఆడతారు. మిగతావాళ్ళు బ్యాగు సర్దుకోవాలి. వాళ్ళకి ఒక్క రూపాయి రాదు. ఈ కట్ సంగతి పుస్తకాల్లో కంటే క్యాడీల దగ్గర బాగా అర్థమవుతుంది. కుప్పం వైపు నుంచి వచ్చి మురుగేశ్‌పాళ్యలో ఉండే ఒక క్యాడీ టీ కొట్టు దగ్గర చెప్పిన మాట ఇది: "ఫస్టు ఎవురని మీరు చూస్తారు సార్. యాభైలో ఎవురుండారని మేము చూస్తాము." బుధవారం సాయంత్రం చివరి హోల్‌లో తన ఆటగాడి నాలుగడుగుల పట్ (బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ) పడితే అతని వారం కూలీకి పైన ఇంకొంచెం కలుస్తుంది, పడకపోతే కూలీతోనే సరి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. కోటి రూపాయల టోర్నమెంటులో విజేతకి 15 లక్షలు, అంటే 15 శాతం. నంది కొండల దారిలో ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్‌లో జరిగే కపిల్ దేవ్-గ్రాంట్ థార్న్‌టన్ ఇన్విటేషనల్ 2 కోట్లది, అక్కడ విజేతకి 30 లక్షలు. కోటిలో మిగిలిన 85 లక్షలు కట్ దాటిన దాదాపు యాభైమందికి పంచాలి. సమానంగా పంచితే తలా లక్షా డెబ్భై వేలు వస్తాయి, కానీ సమానంగా పంచరు. పై పదిమందే పెద్ద వాటా పట్టుకుపోతారు. నలభైల్లో ముగించినవాడికి వచ్చేది ఆ సగటుకి చాలా కింద, వారం ఖర్చు పోను మిగిలేది అంతకంటే కింద. సమానంగా ముగించినవాళ్ళు డబ్బు కూడా పంచుకోవాలి. మూడో స్థానంలో ముగ్గురుంటే 3, 4, 5 స్థానాల సొమ్ము కలిపి మూడు భాగాలు చేస్తారు. మొదటి స్థానంలో ఇద్దరున్నప్పుడు మాత్రం పంపకం లేదు, ప్లేఆఫ్ ఆడి తేల్చుకోవాలి.

ఈ వారాలన్నీ కలిపితే సీజన్. ఏడాది మొదట్లో మొదలై, మండుటెండలకీ వానలకీ మధ్యలో విరామమిచ్చి, డిసెంబరు దాకా సాగుతుంది. చండీగఢ్, ఢిల్లీ చుట్టుపక్కల, కోల్‌కతా, జంషెడ్‌పూర్, అహ్మదాబాద్, చెన్నై, మైసూరు, కోయంబత్తూరు. మన తెలుగు నేల మీద హైదరాబాద్‌లో గోల్కొండ మాస్టర్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బులో వైజాగ్ ఓపెన్. అన్నిట్లో వచ్చిన ప్రైజ్ మనీని కూడుకుంటూ పోయే పట్టికే ఆర్డర్ ఆఫ్ మెరిట్. పేరులో మెరిట్ ఉంది గానీ లోపల ఉన్నది రూపాయలే. గెలుపులకి పాయింట్లు లేవు, నిలకడకి బోనస్ లేదు.

దీనివల్ల ఒక మెలిక పడుతుంది. రాము ఇరవై టోర్నీలాడి పదిహేనింట్లో కట్ దాటి, ప్రతిసారీ ముప్పైల్లో ముగించాడనుకోండి. సోము నాలుగింట్లోనే కట్ దాటాడు, కానీ వాటిలో ఒకటి రెండు కోట్ల టోర్నీ, దాన్ని గెలిచాడు. పట్టికలో సోము రాము కంటే ఎంతో పైన ఉంటాడు. ఇది అన్యాయమా? నాకైతే అనిపించదు. పై టూర్లలో బతకాలంటే ఏడాదికి రెండు వారాలు మెరుపు మెరిసే సత్తా ఉండాలి, ప్రతివారం ముప్పయ్యో స్థానంతో అక్కడ నెగ్గుకురాలేరు. డబ్బు పట్టిక ఆ సత్తాని కాస్త మోటుగానైనా పట్టుకుంటుంది. అయితే పర్సు, అంటే టోర్నీ మొత్తం ప్రైజ్ మనీ, పెద్దదా చిన్నదా అన్నది స్పాన్సర్ తేల్చేది. ఒకే రకమైన ఆటకి ఒక ఊళ్ళో రెట్టింపు విలువ రావడం మాత్రం మింగుడుపడదు.

ఇక అసలు సంగతి, కార్డు. టూర్ కార్డు అంటే సీజనంతా టోర్నీల్లో పేరిచ్చుకునే హక్కు. ఏడాది చివర పట్టికలో మొదటి అరవై మందికి వచ్చే ఏడాది పూర్తి కార్డు నిలుస్తుంది. అరవై దాటినవాళ్ళలో చాలామంది మళ్ళీ క్వాలిఫయింగ్ స్కూలుకి పోవాలి. పేరుకి స్కూలు, నిజానికి ప్రవేశ పరీక్ష. అక్కడ నిన్నటి టూర్ ఆటగాళ్ళు, కొత్తగా ప్రొఫెషనల్ అయిన పిల్లలు, క్యాడీ పని చేస్తూ ఆట నేర్చినవాళ్ళు ఒకే వరసలో నిలబడతారు. చివరి దశలో 72 హోల్స్ ఆడాక పూర్తి కార్డులు దక్కేది ముప్పై చిల్లర మందికి. మిగతావాళ్ళది వెయిటింగ్ లిస్టు బతుకు. ఎవరైనా రాకపోతే చోటు. వీళ్ళ కోసమే నెక్స్‌జెన్ పేరుతో కింది మెట్టు టూర్ ఒకటి మొదలుపెట్టారు.

అందుకే నవంబరు, డిసెంబరుల్లో పట్టిక చూసేవాళ్ళెవరైనా మొదట 55 నుంచి 65 మధ్య పేర్లు చూడాలంటాను. పైన ఎవరున్నారో పేపర్లు చెబుతాయి. ఇక్కడ మాత్రం ఇద్దరు ఆటగాళ్ళ మధ్య తేడా కొన్ని వేల రూపాయలే కావచ్చు. ఆ కొన్ని వేలు ఎక్కడో ఏప్రిల్‌లో తప్పిన ఒక పట్ ఖరీదు, ఇప్పుడు దానికి ఒక ఏడాది ఉద్యోగం వేలాడుతుంటుంది. చివరి రెండు టోర్నీల్లో అరవయ్యో స్థానంవాడు నీటి మీంచి కొట్టాలా, పక్కనుంచి చుట్టి పోవాలా అని ఆగి ఆలోచిస్తే అతని లెక్క ట్రోఫీది కాదు.

పట్టిక పై అంచున ఇంకో గీత ఉంది, అది మరీ సన్నం. పీజీటీఐకి అమెరికా పీజీఏ టూర్‌తో, ఒకప్పుడు యూరోపియన్ టూర్ అనే పేరున్న డీపీ వరల్డ్ టూర్‌తో ఒప్పందం కుదిరాక, మెరిట్ పట్టికలో మొదటి స్థానంవాడికి మరుసటి ఏడాది డీపీ వరల్డ్ టూర్ కార్డు ఇస్తున్నారు. ఒక్కడికే. 2022లో అలా మొదట దక్కించుకున్నవాడు మను గండాస్. 2023లో ఓం ప్రకాశ్ చౌహాన్. మధ్యప్రదేశ్‌లోని మ్హౌ నుంచి, క్యాడీ పనితో మొదలుపెట్టి వచ్చిన మనిషి. 2024లో వీర్ అహ్లావత్. అతని సీజన్ సంపాదన ఒకటిన్నర కోటి దాటింది, అదే ఏడాది హీరో ఇండియన్ ఓపెన్‌లో రెండో స్థానం పంచుకున్నాడు కూడా. 2025లో టైటిల్ మీద టైటిల్ గెలిచిన యువరాజ్ సంధు. మొదటివాడికీ రెండోవాడికీ తేడా డబ్బులో చూస్తే చిన్నది, జీవితంలో చూస్తే ఒక ఖండమంత.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వీళ్ళు ఇంట గెలిచారు, రచ్చ మాత్రం కష్టంగా ఉంది. గండాస్, చౌహాన్ ఇద్దరూ మళ్ళీ పీజీటీఐ టోర్నీల్లో కనిపించారు. దీనికి ఆటలో లోపం ఒక్కటే కారణం కాదు. డీపీ వరల్డ్ టూర్‌లో కార్డు ఉంటే ప్రతి వారం చోటు ఉంటుందని కాదు. అక్కడ కార్డుల్లో తరగతులుంటాయి, పై తరగతులవాళ్ళు నిండాక మిగిలిన చోట్లే కిందివాళ్ళకి. పెద్ద పర్సుల వారాల్లో పెద్దవాళ్ళంతా దిగుతారు కాబట్టి కొత్తవాడికి చోటుండదు. చోటు దొరికేది చిన్న పర్సుల వారాల్లో. అక్కడా పట్టిక సంపాదించిన పాయింట్లదే. తక్కువ టోర్నీలు, తక్కువ పర్సులు, తెలియని కోర్సులు, ఒక వారం ఆఫ్రికా, మరో వారం యూరప్. ఏడాది గిర్రున తిరిగేసరికి కార్డు పోతుంది.

ప్రపంచ ర్యాంకింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పెద్ద టోర్నీల తలుపులు చాలావరకు దానితోనే తెరుచుకుంటాయి. 2022 ఆగస్టు వరకు ఒక్కో టూర్‌కి కనీస పాయింట్లంటూ ఉండేవి. బరిలో ఎవరున్నా విజేతకి అంత ఖాయం. ఆ నెల నుంచి పద్ధతి మార్చారు. ఇప్పుడు బరిలో ఉన్న ప్రతి ఆటగాడి సత్తాని అతని గత స్కోర్ల నుంచి లెక్కగట్టి, అందరిదీ కలిపి, ఆ టోర్నీ ఎన్ని పాయింట్లకి తగునో తేలుస్తారు. లెక్క ప్రకారం ఇది న్యాయమే. కానీ చిన్న టూర్లలో గెలిచిన పాయింట్లు బాగా పలచబడ్డాయి. మనవాడు ఇక్కడ నాలుగు గెలిచినా, పెద్ద టూర్‌లో ఒక్క వారం పై పదిలో ఉన్నవాడి ర్యాంకుని అందుకోవడం కష్టం. మంచి ఆటగాళ్ళు బయటికి పోతే ఇక్కడ పాయింట్లు తగ్గుతాయి, పాయింట్లు తగ్గితే ఉన్న మంచి ఆటగాళ్ళు బయటికి పోతారు.

బెంగుళూరు ఈ కథలో వట్టి వేదిక కాదు, ఆటగాళ్ళని కన్న ఊరు. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ ఊరి నడిబొడ్డున హై గ్రౌండ్స్‌లో ఇప్పటికీ ఉంది. 2012లో ఇండియన్ ఓపెన్ ఢిల్లీ వైపు వదిలి మన కేజీఏకి వచ్చింది; థాయ్‌లాండ్ ఆటగాడు థావర్న్ విరాచంత్ గెలిచాడు. కానీ నన్నడిగితే ఈ ఊరి అసలు ఘనత 2009ది. ఆ ఏడాది గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచిన సి. మునియప్ప బెంగుళూరు క్యాడీ. సాహెబుల బ్యాగులు మోస్తూ నేర్చిన ఆటతో, విదేశీ ఆటగాళ్ళున్న బరిలో ప్లేఆఫ్ ఆడి దేశపు పెద్ద టైటిల్ పట్టాడు. ఆయన తర్వాత తరంలో చిక్కరంగప్ప. మైసూరు రోడ్డు మీద బిడది దగ్గర ఈగల్టన్ కోర్సు పక్క పల్లె కుర్రాడు, బంతులు ఏరుతూ మొదలుపెట్టి కోచ్ విజయ్ దివేచా చేతిలో తయారయ్యాడు. అదే దివేచా దగ్గర నేర్చినవాడే అంతర్జాతీయ టూర్లలో పేరు తెచ్చుకున్న అనిర్బన్ లాహిరి. ఖలిన్ జోషి ఇక్కడివాడే. 2018లో ఆసియన్ టూర్ టైటిల్ ఢిల్లీలో గెలిచాడు.

క్యాడీ నుంచి ప్రొఫెషనల్ అయిన దారి మన దేశంలో ఇంత వెడల్పుగా ఉండటానికి కారణం వెతికితే మళ్ళీ కోర్సుల దగ్గరికే వస్తాం. మామూలు జనం డబ్బు కట్టి ఆడే కోర్సులు చాలా తక్కువ. గేటు లోపలికి వెళ్ళాలంటే సభ్యుడి కొడుకై ఉండాలి, లేదా పనివాడై ఉండాలి. కేజీఏ చుట్టూ, చల్లఘట్ట నుంచి మురుగేశ్‌పాళ్య దాకా, క్యాడీల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. సోమవారం క్లబ్బు సెలవునాడు మారుబేరం గోల్ఫ్ కర్రలతో ఆడుకుని పదును పెట్టుకున్నవాళ్ళు చాలామంది. మధ్యతరగతి ఉద్యోగి పిల్లలకి అటు సభ్యత్వమూ లేదు, ఇటు ఆ గేటూ లేదు. మన ఐటీవాళ్ళ ఇళ్ళ నుంచి టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆటగాళ్ళు వచ్చినంతగా గోల్ఫర్లు రాకపోవడం వింతేమీ కాదు.

డబ్బు ఎక్కడిది అంటే, టికెట్లది కాదు. చూసేవాళ్ళు వందల్లో కూడా ఉండరు. స్పాన్సర్ కంపెనీ కొనేది ప్రో-యామ్. టోర్నీకి ముందో తర్వాతో ఒక రోజు దాని పెద్ద ఖాతాదారులు, అధికారులు ప్రొఫెషనల్స్‌తో కలిసి 18 హోల్స్ ఆడతారు. ఆ ఐదు గంటల్లో జరిగే వ్యాపారం కోసమే మిగతా నాలుగు రోజుల ఖర్చు. టీవీ రేటింగుల మీద నిలబడని ఆట ఇలా కొందరి పరిచయాల మీద నిలబడుతుంది. కంపెనీలో పెద్దాయనకి గోల్ఫ్ పిచ్చి ఉన్నన్నాళ్ళు టోర్నీ, ఆయన రిటైరైతే కేలెండర్లో ఒక వారం ఖాళీ.

సరిగ్గా ఈ సన్నటి పునాది మీదే 2025లో ఇంకో టూర్ వచ్చి కూర్చుంది. ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగ్, ఐజీపీఎల్. దాని వెనక నిలిచింది ఇండియన్ గోల్ఫ్ యూనియన్. నడిపేది ఉత్తమ్ సింగ్ ముండి, మొన్నటిదాకా పీజీటీఐ సీఈఓ. మగవాళ్ళు, ఆడవాళ్ళు, అమెచ్యూర్లు ఒకే బరిలో ఆడే పద్ధతి పెట్టారు. గగన్‌జీత్ భుల్లర్, ఎస్.ఎస్.పి. చౌరాసియా లాంటి పేరున్నవాళ్ళు అటు వెళ్ళారు. ప్రపంచంలో సౌదీ డబ్బుతో వచ్చిన లివ్ గోల్ఫ్‌కీ పీజీఏ టూర్‌కీ నడిచిన గొడవ మన ఇంట్లో చిన్న ఎత్తున దిగిందన్నమాట. ఒక్క తేడా: అక్కడ పోట్లాడుకుంది నూనె డబ్బుతో టీవీ డబ్బు, ఇక్కడ ఇద్దరూ వెళ్ళి తలుపు తట్టేది అవే కంపెనీలది, వారం అడిగేది అవే క్లబ్బులది.

అభిమానులు ఎవరిది పైచేయి అని వాదించుకుంటారు. మెరిట్ పట్టిక కింది నుంచి చూస్తే బొమ్మ వేరుగా ఉంటుంది. పేరున్న పదిమంది వెళ్ళిపోతే పీజీటీఐలో కట్ దాటడం కొంచెం తేలికవుతుంది, ఏటా 65, 70 దగ్గర ఆగిపోయే కుర్రాడికి అరవైలో పడే అవకాశం పెరుగుతుంది, యూరప్ కార్డు దాకా వెళ్ళే ఒక్క చోటుకీ పోటీ కాస్త పలచబడుతుంది. మరోవైపు బరి పలచబడ్డ కొద్దీ కొత్త లెక్క ప్రకారం ర్యాంకింగ్ పాయింట్లు ఇంకా తగ్గుతాయి. అంటే కార్డు దొరకడం సులువు, ఆ కార్డు విలువ తక్కువ. ఈ ఏడాది క్వాలిఫయింగ్ స్కూలుకి ఎంట్రీ ఫీజు కడుతున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఈ రెండిట్లో ఏది ఎక్కువ తూగుతుందో చూసుకునే కడుతున్నాడు.